ఇంటికో వీపు

జూలై 12, ఆదివారం

ఈ పుస్తకంలో ముందు నుంచి తల్లుల సంఘం తీర్మానాలు, వెనక నుంచి నేను. ఆ తీర్మానాలే ఎవరూ చదవరు, ఇక వెనక పేజీల దాకా ఎవరొస్తారు. నా మొగుడు సెవేరో చూసినా సంఘం పని చేసుకుంటున్నాననుకుంటాడు.

ఈరోజు బడి ముందు మోతగాళ్ల సమావేశం జరిగింది. వెళ్లొద్దంటే వినకుండా సెవేరో వెళ్లాడు. కొండ మీద నుంచి అతన్ని కంచరగాడిద మీద వేసి దింపి ఇంకా నెల కాలేదు. ఊపిరితిత్తుల్లో నీళ్లు చేరాయని, ఊరు దాటి పైకి అడుగు వేస్తే ఈసారి శవాన్నే దింపుకోవాలని లాపాస్ పట్నంలో డాక్టరు మొహం మీదే చెప్పాడు. పదిహేనేళ్లు కొండెక్కే దొరల యాత్రల సామాను మోసిన మనిషి, ఇప్పుడు నీళ్ల బకెట్ ఎత్తితే గోడ పట్టుకుని నిలబడుతున్నాడు.

మేస్త్రీ దోన్ బెనిగ్నో వంతులు చదివాడు. ఆగస్టు రెండో వారం మా ఇల్లు. మా పినాయా ఊళ్లో మోత మనిషిది కాదు, ఇంటిది. వంతు వచ్చిన ఇల్లు ఒక వీపును పంపాలి. పంపకపోతే ఆ వంతు కాచుకుని కూర్చున్న ఇంకో ఇంటికి పోతుంది, మళ్లీ రాదు. వంతు పోతే మా ఇంట్లో బంగాళదుంపలు తప్ప ఏమీ మిగలదు. మా అమ్మాయి యోసెలిన్ బడి కూడా మిగలదు.

"సెవేరో, మీ ఇంటి వీపు ఏదయ్యా?" అని అడిగాడు దోన్ బెనిగ్నో. పాపం, కిందికి చూస్తూనే అడిగాడు.

సెవేరో లేచాడు. లేచి దగ్గు అందుకున్నాడు. ఆ దగ్గు ఆగేలోపు నేను "నేనొస్తాను" అనేశాను.

నోరు నాదే. అన్నది నేనేనా అని ఇప్పటికీ అనుమానంగా ఉంది.

మా ఊళ్లో ఆడవాళ్లు మోయడం కొత్తేమీ కాదు. ఇప్పుడు ఆరుగురు మోస్తున్నారు. పోయినేడు ఏడుగురు ఉండేవాళ్లు.

జూలై 13

భయం లేదు. చలికి చేతులు వణుకుతున్నాయి, అంతే.

జూలై 15, బుధవారం

సెవేరో అటక మీద నుంచి తన వీపు సంచి దించాడు. ఎప్పుడో ఒక పొడుగు జర్మన్ వదిలేసి పోయిన ఎర్ర సంచి. నిలబెడితే యోసెలిన్ కన్నా ఎత్తు. నూటపది లీటర్లని దాని మీద రాసి ఉంటుంది. సెవేరో ఆ అంకెను తన సొంత ఘనకార్యంలా చెప్పుకుంటాడు.

సగం దాకా బంగాళదుంపలు నింపి నా వీపుకెత్తాడు. పట్టీలు ఎంత బిగించినా సంచి నా మీద కూర్చోలేదు, వేలాడింది. నడుముకు పెట్టుకోవాల్సిన బెల్టు తొడల దగ్గర ఊగుతోంది. పైభాగం తలను ముందుకు తోస్తోంది.

"ఇది సంచి కాదు సెవేరో, రెండో మొగుడు" అన్నాను. "ఒకణ్ని మోస్తున్నాను, చాలదా?"

"మొదటివాడు బరువు తగ్గాడుగా, ఇంకొకడికి చోటుంది" అన్నాడు. నవ్వబోయి దగ్గాడు.

రెండడుగులు వేశాను. మూడోది సంచి వేసింది. నన్ను వెనక్కి లాగి పడేసింది. తిరగబడ్డ పురుగులా కాళ్లూ చేతులూ ఆడిస్తూ పెరట్లో పడున్నాను. యోసెలిన్ పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. పడుకున్న చోట నుంచి మా మంచుకొండ ఇయిమానీ తాత తలకిందులుగా కనిపించాడు, తెల్ల జుట్టు కిందికి, పాదాలు పైకి. నవ్వు ఆగిపోయింది. భుజాల పట్టీలు విప్పుకోవడానికి వేళ్లు రాలేదు.

సెవేరో విప్పాడు. "బెల్టు పెట్టుకోలేదు నువ్వు."

"ఇన్ని కుచ్చుల పావడాల మీద ఎక్కడ పెట్టుకోమంటావు? జారిపోతోంది."

"సర్లే, మన ఆడవాళ్లెవరూ పెట్టుకోరు. దియోనీసియా కూడా..." అని ఆగిపోయి, దుంపలు ఏరడం మొదలుపెట్టాడు. ఒక్క దుంప కూడా చితకలేదు, చూడు చూడు అంటూ పదిసార్లు చెప్పాడు.

ఆ సంచి నాది కాదు. అది మోసుకుని నేను కొండ ఎక్కను. ఎక్కడానికి ఒప్పుకున్నానని కాదు. సంచి సంగతి మాత్రమే రాస్తున్నాను.

జూలై 17, శుక్రవారం

దియోనీసియా ఇంటికి వెళ్లాను. యోసెలిన్‌కి పుట్టు వెంట్రుకలు తీసిన ధర్మతల్లి. ఆ వరసన నాకు కొమాద్రె. ఊళ్లో నా నోటికి ఎదురు నిలిచే నోరు అదొక్కటే ఉండేది.

ఇప్పుడు గోడ వైపు తిరిగి కూర్చుంటుంది, తాత కనపడకుండా. పోయిన ఆగస్టులో సామాను మోసుకుని వెళ్తూ పక్కటెముక మీద నుంచి పడింది. పై మకాముకు వెళ్లే సన్నటి రాతి గట్టును మేం అలాగే అంటాం. తుంటి విరిగింది, అతికింది. కుంటుతుంది కానీ నడుస్తుంది. నడక కాదు అసలు సంగతి. కుక్క మొరిగితే ఉలిక్కిపడుతుంది. ముద్ద నోటి దాకా వెళ్లి ఆగుతుంది. పేరు పెట్టి పిలిస్తే కాసేపటికి గానీ పలకదు.

జడుపు. ఊళ్లో అందరికీ తెలుసు. జడుసుకున్నవాళ్ల ప్రాణం జడుసుకున్న చోటే ఉండిపోతుంది. వాళ్లు కట్టుకున్న గుడ్డ ఒకటి ఆ చోటికి తీసుకెళ్లి, పరిచి, పేరు పెట్టి పిలవాలి. పిలిచి, మూటగట్టి, వెనక్కి చూడకుండా, ఎవరితోనూ పలక్కుండా తెచ్చి వాళ్ల మీద కప్పాలి. దియోనీసియా మొగుడు ఏనాడో పోయాడు. కొడుకులు ఎల్ ఆల్తో పట్నంలో బస్సులు నడుపుతారు. పక్కటెముక మీద ఆగి పిలిచేంత గుండె ఎవరికుంది?

"కొత్త సంచి కొనాలి కొమాద్రె" అన్నాను. "వీపుకు ఎలాంటిదైతే పడుతుందో..."

వెళ్దామని లేచాను.

"సంతకి నేనూ వస్తా" అంది గోడతో.

జూలై 19, ఆదివారం

సంతలో ఒక వీధంతా కొండ సామానే. యాత్రలవాళ్లు వదిలేసినవి, అమ్ముకున్నవి, పోగొట్టుకున్నవి, వాళ్లకు తెలియకుండా పోయినవి. దియోనీసియా నా చెయ్యి వదల్లేదు. జనం తగిలినప్పుడల్లా ఆమె గోళ్లు నా చేతికి గుచ్చుకున్నాయి.

అమ్మే మనిషి మా కన్నా వెడల్పు. కుర్చీలోంచి లేవకుండానే సంచులన్నీ కర్రతో దించింది.

"రా కసేరీటా, రా నా బేరం తల్లీ. ఇదిగో నల్లది. కొత్తది, అసలు సరుకు. నూటఇరవై లీటర్లు. ఇల్లంతా పడుతుంది, మొగుడితో సహా."

"మొగుణ్ని ఇంట్లో పెట్టి రావడానికే కొంటున్నాను" అన్నాను.

దియోనీసియా నల్లదాని లోపలి కుట్టు తిప్పి చూసింది. దారం సన్నగా, వంకరగా పోయింది. బెల్టు బకిల్ రెండు వేళ్ల మధ్య పెట్టి వంచింది. టప్పున విరిగింది.

"అయ్యో, విరగ్గొట్టావే!"

"కింద విరిగింది కాబట్టి నీ మీద అరుస్తున్నావు" అంది దియోనీసియా. "పైన విరిగితే ఎవరి మీద అరవాలి?"

ఏడాదిగా ఆమె అన్ని మాటలు ఒక్కసారిగా అనడం నేను వినలేదు. అమ్మే మనిషి కూడా నోరు మూసుకుని ఇంకోటి దించింది. నీలంది. నా వీపుకు కొలిచి కుట్టినట్టు కూర్చుంది. డెబ్భై లీటర్లు. నాకు నచ్చింది. చిన్న సంచిలో చిన్న బరువే పడుతుందని మనసులో అనుకున్నాను.

"వద్దు" అంది దియోనీసియా. "బెనిగ్నో పంచేది సంచిని చూసి కాదు, ఇంటికో వాటా. పట్టకపోతే డేరా తీసి పైన కడతాడు. అది ఊగుతుంది. నువ్వు ఒక అడుగేస్తే అది రెండేస్తుంది."

నూటపదైతే నన్ను పడేస్తుంది, డెబ్భైయైతే సామాను ఊగుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఈ సామెత చెప్పినవాళ్లు పక్కటెముక చూసి ఉండరు. అక్కడ రెండు పక్కలా గోతులే.

చివరికి బూడిద రంగుది. తొంభైయైదు. అడుగున మాసిక, మూత మీద కాలిన మచ్చ, ఎవరిదో పేరు సగం చెరిగిపోయి ఉంది. కానీ వీపు పట్టీ నిచ్చెన మెట్లలా పైకీ కిందికీ జరుగుతుంది, పొడుగువాళ్లకూ నాలాంటి పొట్టివాళ్లకూ. లోపల రెండు కడ్డీలు, వంపు తిరిగి. బెల్టు నా అరచెయ్యంత వెడల్పు, లోపల దళసరి మెత్త.

"ఎవరెస్టు ఎక్కొచ్చింది ఇది!"

"దిగిందా మరి?" అంది దియోనీసియా.

లోపల దిండ్లు కూరి, మోసి చూడమంది అమ్మే మనిషి. దియోనీసియా దిండ్లు పీకి అవతల పారేసి, ఆమె కొట్టులోని పాత బూట్లన్నీ జతలు జతలుగా సంచిలో వేసింది. అమ్మే మనిషి మొత్తుకుంటూనే ఉంది. ఆ బరువుతో వంతెన మెట్లు ఎక్కించింది, దింపించింది. దిగేటప్పుడే చూడాలట, ఎక్కేటప్పుడు ఏ సంచైనా మంచిదే.

"భుజాల మీద ఎందుకు మోస్తున్నావు తల్లీ?" అంది అమ్మే మనిషి. "బరువంతా తుంటి ఎముక మీద కూర్చోవాలి. బెల్టు పెట్టు. ఈ పావడాలు తీసి ప్యాంటు తొడుక్కో, అప్పుడు చూడు."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. నోరు తెరిచేలోపు ఆమే వంగి, బెల్టు నా పావడా మీదుగా లాగి బకిల్ పెట్టేసింది. టక్కుమంది.

దియోనీసియా అక్కడే రోడ్డు మీద కూలబడింది. రెండు చెవులూ మూసుకుంది. పెదాలు తెల్లబడ్డాయి. వేడి ఆపీ జావ గ్లాసు చేతికిస్తే ఒలికిపోయింది.

బూడిద రంగుదే తీసుకున్నాను. బస్సులో ఒళ్లో పెట్టుకున్నాను. ఎవరిదో తెలియని చెమట వాసన వచ్చింది దాని నుంచి.

జూలై 22

దియోనీసియా మా ఇంటికొచ్చింది, కుంటుకుంటూ, తనే. సెవేరోని బయటికి పొమ్మంది. అతను మారు మాట లేకుండా గొర్రెల దొడ్డికి పోయాడు.

"ఆరోజు నేను బెల్టు పెట్టుకోలేదు కొమాద్రె" అంది.

నేను తలుపు దగ్గరికి వేశాను.

"కొత్త పావడా. మడతలు నలుగుతాయని బెల్టు వెనక్కి తిప్పి కట్టేశాను. కింద దొరలు ఫోటో తీశారు. బెనిగ్నోకి కూడా మనం పావడాల్లో ఉంటేనే ఇష్టం, ఫోటో చూసే యాత్రలొస్తాయంటాడు. పక్కటెముక మీద కాలు జారలేదు. ఊళ్లో జారిందంటారు కదా, జారలేదు. సంచి ఎడమకి ఒరిగింది. ఒరిగి, వెళ్లింది. నేను దాని వెనక వెళ్లాను."

ఆగస్టులో నేల నోరు తెరుచుకుని ఉంటుంది కాబట్టి పడిందన్నారు. తాతకి ముందుగా సారా పొయ్యలేదు కాబట్టి పడిందన్నారు. విధవ కొత్త పావడా కట్టింది కాబట్టి పడిందని కూడా అన్నారు. ఏడాది పాటు ఆమె అన్నీ విని ఊరుకుంది. ఒక్క బకిల్.

వెళ్తూ వెళ్తూ గడపలో ఆగింది. ఏదో అడగబోయి, అడక్కుండా పోయింది.

జూలై 23

భయం లేదు.

జూలై 24

బెల్టు పావడా పైన పెట్టి చూశాను. కుచ్చుల మీద జారి పొట్ట మీదికొచ్చింది. కిందికి లాగి పెట్టాను. నడిస్తే పైకొచ్చింది. లోపలి పావడాలు రెండు తీసేశాను. పళ్లు కటకటలాడాయి, బెల్టు ఆగలేదు.

సెవేరో ప్యాంటు తొడుక్కుని చూశాను, తలుపు వేసుకుని. బెల్టు చక్కగా కూర్చుంది. అద్దంలో ఎవరో నిలబడి ఉన్నారు. మా అమ్మ పావడాలోనే కొండ వాలున గొర్రెలు కాసింది, నన్ను కన్నది. ప్యాంటుతో పైకి వెళ్తే తాత నన్ను గుర్తు పట్టడేమోననిపించింది. గుర్తు పట్టనివాళ్లని ఎవరు కాపాడతారు?

విప్పేశాను.

ఆగస్టు 1, శనివారం

నేల తల్లికి నైవేద్యం కాల్చాం. పంచదార బిళ్లలు, కొవ్వు, కోకా ఆకు, రంగు ఉన్ని. కొత్త సంచికి రంగు కాగితాలు చుట్టి, నాలుగు మూలలా సారా చల్లాం. బూడిద తెల్లగా వస్తే ఆమె తిన్నట్టు, నల్లగా వస్తే ఇంకా ఆకలిగా ఉన్నట్టు.

"తెల్లగా ఉంది" అన్నాడు సెవేరో.

నాకు నల్లగా కనిపించింది. పొగ వల్ల అయ్యుంటుంది.

ఆగస్టు 5, బుధవారం

ప్రతి ఉదయం సెవేరో నా సంచిలో రాళ్లు సర్దుతాడు. బరువైనవి మధ్యలో, వీపును ఆనుకుని. తేలికవి అడుగున. గట్టివి బయటికి పొడుచుకు రాకుండా. ఒక పక్క ఎక్కువైతే మళ్లీ అన్నీ తీసి మొదటి నుంచి. అతనింత ఓపికగా నాకు జడ కూడా ఎప్పుడూ వెయ్యలేదు.

బెల్టు సంగతి మాత్రం తేలలేదు. ఈరోజు దొడ్డి దాకా నడిచి వస్తుంటే సంచి ఎడమకి ఒరిగింది. కొంచెమే. చదును నేల మీదే. నేను కేక పెట్టాను. యోసెలిన్ బయటికి పరుగెత్తుకొచ్చింది. పాము అన్నాను. ఈ ఎత్తున పాములుండవని దానికీ తెలుసు.

ఇంట్లోకి వచ్చి పెట్టెలోంచి ఆకుపచ్చ పావడా తీశాను. కత్తెర తీశాను. రెండు పక్కలా, తుంటి ఎముకల దగ్గర, కుచ్చుల మధ్య నిలువుగా బెత్తెడు చీల్చాను. గుడ్డ చిరిగే చప్పుడుకి సెవేరో వచ్చాడు.

"నీ పెళ్లి పావడా కదే అది!"

"పెళ్లికొచ్చి తిని పోయినవాళ్లెవరన్నా కొండ మీద నన్ను పట్టుకుంటారా?"

పావడా కట్టుకుని, సంచి ఎత్తుకుని, బెల్టు రెండు రెక్కలనీ ఆ చీలికల్లోంచి లోపలికి దూర్చాను. లోపలి ఉన్ని లాగు మీద, ఎముక మీద కూర్చుంది. పైన కుచ్చులు కుచ్చుల్లాగే ఉన్నాయి. ఎవరికీ ఏమీ కనపడదు. బకిల్ టక్కుమంది. భుజాల మీది బరువు నడుములోకి దిగింది, ఎవరో వెనక నుంచి చెయ్యి వేసి ఎత్తినట్టు.

పెరట్లో దూకాను. వంగాను. సంచి నాతోనే ఉంది.

సెవేరో పెళ్లి పావడా చూస్తూ నిలబడ్డాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. నిద్ర లేదు మరి, నాకు తెలుసు, నాకూ లేదు.

ఆగస్టు 9, ఆదివారం

దియోనీసియా తన గోధుమ రంగు శాలువా తెచ్చింది. పడ్డరోజు కప్పుకున్నది. మడిచి మంచం మీద పెట్టింది.

"సంచిలో చోటుంటే" అంది.

చోటు లేదన్నాను. డేరాలు, గ్యాసు సిలిండర్లు, దొరల తిండి అంతా సర్దాలి, బెనిగ్నో పిడికెడు చోటు వదలడు అన్నాను. పక్కటెముక మీద ఆగడానికి వీల్లేదన్నాను. నాకు పిలవడం రాదన్నాను. ఇంకా ఏవేవో అన్నాను.

"సరే" అంది. శాలువా తీసుకోలేదు. వెళ్లిపోయింది.

అందుకే సంతకి వచ్చింది. అందుకే పెద్ద సంచి కొనిపించింది. అరిచి పోట్లాడాలనిపించింది. నా ప్రాణమే నా చేతుల్లో లేదు, ఇంకొకళ్ల ప్రాణం మూటగట్టి తెమ్మంటుందా. ఆ గట్టు మీద ఆగి, నోరు తెరిచి పిలిచేటప్పుడు నేను జడుసుకుంటే? నాది కూడా అక్కడే ఉండిపోతే? మమ్మల్ని ఇద్దర్నీ ఎవరు తెస్తారు?

ఆగస్టు 10

శాలువా ఇంకా మంచం మీదే ఉంది.

ఆగస్టు 11

శాలువా బరువు ఏమీ లేదు. చేత్తో ఎత్తి చూశాను.

ఆగస్టు 13, గురువారం. కింది మకాం

పుస్తకం తేలేదు. ఈ కాగితం చింపి తెచ్చుకున్నాను.

దోన్ బెనిగ్నో వాటాలు పంచి, ఒక్కొక్కరి సంచీ తనే సర్దుతున్నాడు. నా సంచిలో చెయ్యి పెట్టగానే అడుగున శాలువా తగిలింది.

"ఇదేంటి నికనోరా? పాత గుడ్డలు మోయడానికా వచ్చింది?" అని బయటికి లాగాడు.

లాగి, చూశాడు. ఆ శాలువా అతనికి తెలుసు. పోయినేడు ఆమెను రాళ్లలోంచి ఎత్తుకొచ్చినవాళ్లలో అతనూ ఉన్నాడు. చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూశాడు.

"రేపు ఏ వారం?"

"శుక్రవారం" అన్నాను. పిలవడానికి మంగళ, శుక్రవారాలే మంచివి. ఇద్దరికీ తెలుసు.

నా వాటాలోంచి ఒక సిలిండర్ తీసి తన సంచిలో వేసుకున్నాడు. శాలువా మడిచి మూత కింది అరలో పెట్టాడు. "అడుగున పెడితే ఎలా తీస్తావు? అక్కడ సంచంతా విప్పి పరవడానికి నీ పెరడు కాదు." తల ఎత్తకుండానే అన్నాడు. "నేను ముందు పోతూ ఉంటా. వెనక ఏం జరిగిందో నేను చూడను."

చలిగా ఉంది. చలి కాదు. చలి కూడా.

ఆగస్టు 15, శనివారం. ఇల్లు

నిన్నటిది రాస్తాను. చెయ్యి నొప్పిగా ఉంది, అయినా రాస్తాను.

ఎక్కేటప్పుడు పక్కటెముక మీద ఏమీ చూడలేదు. దోన్ బెనిగ్నో మడమలు చూశాను. ఒక చోట కాలి కింద రాయి కదిలింది, పై ప్రాణాలు పైనే పోయాయి. సంచి ఒరగబోయింది, బెల్టు ఎముకని పట్టుకుంది, ఒరగలేదు. అంతే. ఇంత చిన్న సంగతికి ఒక మనిషి ఏడాదిగా గోడకేసి చూస్తూ కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఊపిరి అందదు, మింగేశాను.

పై మకాంలో సామాను దించాం. దింపే మోత ఇంకో ఇంటి వంతు. ఖాళీ సంచితో తిరిగొచ్చాం. ఖాళీదైనా బెల్టు పెట్టుకున్నాను. అందరూ ముందు పోయారు. దోన్ బెనిగ్నో గట్టిగా పాట పాడుకుంటూ పోయాడు, నాకు వినపడాలనో, తనకేమీ వినపడకూడదనో.

ఆమె పడ్డ చోట ఒక చిన్న రాళ్ల గుట్ట పెట్టి ఉంది. అక్కడ ఆగాను. కింద ఏముందో చూడలేదు, గాలి చెప్పింది. శాలువా తీసి రాళ్ల మీద పరిచి మోకాలితో తొక్కిపట్టాను, ఎగిరిపోకుండా. పంచదార చల్లాను. నోరు తెరిచాను. గొంతు రాలేదు.

నాకు భయంగా ఉంది. ఇన్ని రోజులు రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను. నాకు భయంగా ఉండింది, జూలై నుంచి ప్రతిరోజూ, ప్రతి ముద్దకీ. అక్కడ ఆ మాట తాతతోనే అన్నాను. "తాతా, నాకు భయమేస్తోంది. తొందరగా ఇచ్చెయ్యి, పోతాను" అన్నాను. ఆ మాట అన్నాకే గొంతు వచ్చింది.

"దియోనీసియా, రా! దియోనీసియా, పోదాం రా! ఇక్కడ చలి, ఇంట్లో పొయ్యి వెలిగించి ఉంది. ఇదిగో నీ శాలువా. యోసెలిన్ అడుగుతోంది. రావే!" చివరికి తిట్టాను కూడా. ఆమె అలాగైతేనే వింటుంది.

శాలువా మూటగట్టి సంచిలో పెట్టాను. తొంభైయైదు లీటర్ల సంచిలో ఒక్క శాలువా. మూత బిగించాను. లేచాను. వెనక్కి చూడలేదు.

అప్పటి నుంచి మాట్లాడకూడదు. కింది మకాంలో దొరలు ఫోటో అన్నారు, తల దించుకుని వెళ్లిపోయాను. దోన్ బెనిగ్నో వాళ్లకేదో సర్దిచెప్పాడు. సాయంత్రానికి ఊరు కనిపించింది. చివరి ఇల్లు దాటి, తనకు రావడానికి వీలున్న ఆఖరి గడ్డ మీద, సెవేరో నిలబడి ఉన్నాడు.

"నికా! వచ్చేశావా? ఎలా ఉంది? కాళ్లు బాగున్నాయా?"

నేను పలకలేదు. నడుస్తున్నాను.

"నికా, ఏమైంది? మాట్లాడవే?"

శాలువా సంగతి అతనికి చెప్పలేదు. చెబితే వద్దంటాడని. చెప్పకుండా దాచినందుకు ఇప్పుడు చచ్చినట్టు నోరు మూసుకుని నడవాలి. కళ్లతో చెప్పబోయాను. నా కళ్లు ఎలా ఉన్నాయో, అతని మొహం పాలిపోయింది. జడుసుకున్నాననుకున్నాడు. ప్రాణం పైనే వదిలేసి ఒట్టి ఒంటితో దిగొచ్చాననుకున్నాడు.

నా గుడ్డేదీ చేతిలో లేక తన టోపీ తీశాడు. కొండ వైపు తిరిగి, టోపీ ఊపుతూ, నా పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టాడు.

"నికనోరా, రా! పోదాం రా నికనోరా! అక్కడుండకు, ఇంటికి రా!"

ఉన్న సగం ఊపిరితోనే పిలుస్తున్నాడు. దగ్గుతున్నాడు, మళ్లీ పిలుస్తున్నాడు. వెనక్కి తిరిగి చూడకూడదు నేను. ఆగకూడదు. అతను నా వెనకాలే టోపీ ఊపుకుంటూ ఊరంతా నడిచాడు. జనం తలుపుల్లోకి వచ్చారు. ఎవరూ నవ్వలేదు. "నా తల్లీ, నేను పంపాను నిన్ను, నేనే పంపాను, వచ్చెయ్యవే" అన్నాడు. పదకొండేళ్ల కాపురంలో అతని నోటి నుంచి అలాంటి మాట రాలేదు. నా కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకుందామంటే రెండు చేతులూ పట్టీల మీద ఉన్నాయి.

దియోనీసియా గోడకేసి కూర్చుని ఉంది. శాలువా తీసి తల మీంచి కప్పాను. చుట్టూ బిగించి పట్టుకున్నాను.

"వచ్చేసింది" అన్నాను. అదే అనాలి.

గుమ్మంలో సెవేరో తలుపు పట్టుకుని ఆయాసపడుతున్నాడు. నా గొంతు విన్నాడు. టోపీ తీసుకొచ్చి నా నెత్తిన పెట్టి, రెండు చేతులతో చెవుల దాకా లాగాడు.

"వచ్చేసింది" అన్నాడు అతను కూడా.

ఆగస్టు 18

దియోనీసియా నిద్రపోయి లేచింది. దుంపల సూప్ రెండు గిన్నెలు తాగి, ఉప్పు చాల్లేదని నన్ను తిట్టింది.

సెవేరో అడిగాడు, సంఘానికి ఇన్నిన్ని తీర్మానాలు ఏముంటాయని. చాలా ఉంటాయన్నాను.

బూడిద రంగు సంచి మేకుకి వేలాడుతోంది. ఎర్ర సంచి పక్కనే. మళ్లీ మా ఇంటి వంతు మేలో. నాకు భయంగా ఉంది. పావడా చీలికలకి అంచు కుట్టుకోవాలి, దారాలు ఊడిపోతున్నాయి.